మాస్కు పట్టిన చేతులు

ధోండీరామ్ ఖోత్ తన్నిన తన్నుకు రత్నప్రభ చేతిలోని ట్రే ఎగిరి గోడకు కొట్టుకుంది. సిరంజీలు, దూది, మందు సీసాలు నేలంతా చెదిరాయి. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగి, మాటకు మాటకు మధ్య రొప్పుతున్న ముసలివాడు అంత బలం ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. రెండో కాలు కూడా లేపబోయాడు గానీ డాక్టర్ వృషాలి మగదుమ్ అతని మోకాళ్ళ మీద మోచేయి వేసి అదిమిపట్టింది.

"చంపుతున్నారు! ముఖం మీద దిండు నొక్కి చంపుతున్నారు!"

"చంపేదాన్నయితే ఇంత తిప్పలెందుకు ఆబా, వరండాలో కూర్చోబెట్టి బీడీ వెలిగించి ఇచ్చేదాన్ని," అంది రత్నప్రభ, కిందపడ్డ మాస్కును తుడుస్తూ.

అది ముక్కునూ నోటినీ కలిపి మూసే మాస్కు. అంచు చుట్టూ మెత్తని రబ్బరు. వెనక గొట్టం, గొట్టం చివర బల్ల మీద మెషీను. పీల్చబోతే మెషీను గాలిని లోపలికి తోస్తుంది, వదలబోతే కాస్త వెనక్కి తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే అది పెడితే, వేగంగా పోతున్న బస్సు కిటికీలోంచి తల బయటపెట్టినట్టు ఉంటుంది. బెల్లం బట్టీ ముందు కూర్చుని నలభై సీజన్లు పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసిన మనిషికి, గాలి పీల్చడం కన్నా పీల్చిన గాలిని బయటికి వదలడమే కష్టమైపోయిన మనిషికి, అది ఎలా ఉంటుందో వృషాలి ఊహించుకోగలదు. అయినా పెట్టక తప్పదు. ఈ మాస్కు ముఖం మీద నిలిస్తే ప్రాణం నిలిచినట్టు. లేకపోతే గొంతులోకి గొట్టం వేసి పెద్ద మెషీనుకు తగిలించాలి. ఇంత పాడైన ఊపిరితిత్తులతో ఆ మెషీను ఎక్కినవాళ్ళలో ఎంతోమంది మళ్ళీ దిగలేదు.

"సిస్టర్, చేతులు కట్టండి."

రత్నప్రభ గాజుగుడ్డ చుట్ట తీసింది. మణికట్టు కింద దూది పరిచి, కట్టులో వేలు దూరేంత సందు వదిలి, రెండు చేతుల్నీ మంచం కమ్మీలకు కట్టింది. ముసలివాడు ఆమె ముఖం మీద ఉమ్మాడు. ఆమె భుజంతో తుడుచుకుని ముడి బిగించింది. ఈ వార్డులో మాస్కు పీకేసుకునే వాళ్ళందరికీ ఇదే మర్యాద. ఎవరూ దాన్ని గురించి రెండోసారి ఆలోచించరు.

పొద్దున ఆయన్ని జీపులో తెచ్చింది కొడుకు సర్జేరావ్. మోచేతుల దాకా మసి. గుమ్మంలో నిలబడి ఒకటే మాట అడిగాడు. "మేడమ్, ఆక్సిజన్ ఇంకాస్త పెంచండి."

"పెంచకూడదు. ఈయనకు ఎక్కువైతే ప్రమాదం."

"గాలి ఎక్కువైతే ప్రమాదమా?"

అదే క్షణంలో పాము కరిచిన పిల్లనొకర్తెను మోసుకొచ్చారు. వృషాలి అటు పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి సర్జేరావ్ లేడు. చెరకు నరికి ఉంది, బట్టీ వెలిగి ఉంది, పొయ్యి ఆరితే బాణలిలోని రసం పాడైపోతుంది, మధ్యాహ్నానికి వచ్చేస్తానని చెప్పి వెళ్ళాడట.

మధ్యాహ్నానికి రాలేదు.

సాయంత్రం వృషాలి మాస్కు కాస్త ఎత్తి, చెంచాతో నీళ్ళు పోసింది. ముసలివాడు కోపంగా చూస్తూనే తాగాడు. తర్వాత రొప్పుల మధ్య ముక్కలు ముక్కలుగా అన్నాడు.

"బిడ్డా. గొట్టం వెయ్యొద్దు."

"ఈ మాస్కు ఉంచుకుంటే గొట్టం అక్కర్లేదు."

"మా జోతీబాకు వేశారు. నా తమ్ముడు. కరోనా అప్పుడు. పోతూ పోతూ ఒక్క మాట లేదు. నోట్లో గొట్టం. నాకట్లా వద్దు. తిట్టడానికైనా నోరుండాలి."

"అయితే మాస్కు ఉంచుకుంటారా?"

"ఉంచుకుంటా."

కట్లు విప్పింది. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే మాస్కు నేల మీద ఉంది, ముసలివాడు అపరాధిలా పైకప్పు వంక చూస్తున్నాడు. మళ్ళీ కట్టారు.

మర్నాడు మధ్యాహ్నం సర్జేరావ్ వచ్చాడు. వెంట పదిమందికి తక్కువ కాకుండా ఊరివాళ్ళు, ముందు పిరాజీ మానే. పిరాజీ ఒకప్పటి పంచాయతీ సభ్యుడు. కరోనా రోజుల్లో వేలికి తొడిగే ఆక్సిజన్ మీటరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. తొంభై నాలుగు దాటితే ఇంట్లో ఉండు, తగ్గితే జీపెక్కు. ఊరి ప్రాణాలన్నీ ఆ అంకె మీద నడిచాయి. రోగం పోయింది గానీ మీటరు మాత్రం నల్లతాడుతో ఇంకా అతని మెడలోనే ఉంది.

"ఒక్కరే లోపలికి రండి. తక్కినవాళ్ళు బయట," అంది రత్నప్రభ, మంచానికి అడ్డంగా నిలబడి.

సర్జేరావ్ ఆమె భుజం మీదుగా చూశాడు. తండ్రి రెండు చేతులూ కమ్మీలకు కట్టేసి ఉన్నాయి. దొంగను కట్టేసినట్టు.

పిరాజీ పక్కనుంచి దూరి ముసలివాడి వేలికి మీటరు తొడిగాడు. ఒక్క క్షణం చూసి, అందరికీ వినపడేలా అరిచాడు. "ఎనభై తొమ్మిది! ఎనభై తొమ్మిదిరా సర్జా! ఇక్కడ గోడ మీద ఆక్సిజన్ తిప్పే బిళ్ళ చూడు, ఎంత కిందికి తిప్పి పెట్టారో! చేతులు కట్టేసి, గాలి ఆపేసి, మీ అబ్బను ఎండబెడుతున్నారు!"

"ఆయనకు ఎనభై తొమ్మిదే సరైనది," అని రత్నప్రభ అంటూనే ఉంది. సర్జేరావ్ చెయ్యి లేచింది. పిప్పి మోపులు ఎత్తే చెయ్యి. ఆ దెబ్బ ఆమె చెవి మీద పడింది. ఆమె తిరిగిపోయి కమ్మీకి నుదురు కొట్టుకుని కూలింది. చెవిలోంచి సన్నగా రక్తం మెడ మీదికి దిగింది.

వృషాలి పక్క వార్డు నుంచి వచ్చేసరికి ఒకడు చెరకు కోసే కత్తితో గాజుగుడ్డ కట్లు తెగకోస్తున్నాడు. సర్జేరావ్ మాస్కును పట్టుకుని లాగాడు. క్లిప్పులు విప్పాలని అతనికి తెలియదు. తల చుట్టూ ఉన్న పట్టీలు చిరిగాయి, గొట్టంతో పాటు మెషీను కూడా బల్ల మీంచి నేల మీద పడింది. "ఆగండి, చచ్చిపోతాడు!" అని వృషాలి అతని చొక్కా పట్టుకుంది. ఎవరో వెనకనుంచి ఆమె జడ పట్టి ఈడ్చారు. ఇంకెవరో కుర్చీ ఎత్తారు. ముఖానికి అడ్డం పెట్టుకున్న కుడి మణికట్టు మీద ఆ కుర్చీ కాలు దిగింది. ఎముక లోపల ఏదో పచ్చికొమ్మలా విరిగిన చప్పుడు ఆమెకు మాత్రమే వినిపించింది. మందుల అలమారా అద్దం పగిలింది. వార్డు బాయ్ కిటికీ దూకి పారిపోయాడు. వృషాలినీ రత్నప్రభనూ నడవాలోకి తోసి, తలుపుకు లోపలినుంచి మంచం అడ్డం పెట్టారు.

తలుపు గాజులోంచి వృషాలి అంతా చూస్తోంది. సంచి ఉన్న మామూలు ఆక్సిజన్ మాస్కు ముసలివాడి ముఖానికి తగిలించారు. గోడ మీది బిళ్ళను పిరాజీ చివరిదాకా తిప్పాడు.

"తొంభై రెండు... తొంభై ఐదు... తొంభై ఎనిమిది!" క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెప్పాడు. లోపల ఈలలు వేశారు. ముసలివాడి పెదాల నీలం పోయింది. చెంపలు ఎర్రబడ్డాయి. తన్నడం మానేశాడు. అరవడం మానేశాడు. రెండు రోజుల తర్వాత కళ్ళు మూసుకుని గురక పెట్టాడు.

"చూశావా డాక్టరమ్మా? ఏడో తరగతి చదివినోడు నయం చేశాడు," అన్నాడు పిరాజీ గాజు దగ్గరికొచ్చి.

"ఆయన్ని లేపండి."

"రెండ్రోజుల్నుంచి కన్ను మూయని మనిషిని లేపాలా? మతి ఉందా?"

"సర్జేరావ్, లేపి చూడు. పేరు పెట్టి పిలువు. ఒక్కసారి."

సర్జేరావ్ వినలేదు. తండ్రి నుదుటి చెమట తుడుస్తూ, కట్ల కింద ఒరిసిన మణికట్టును బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. నడవాలో రత్నప్రభ చెవికి గుడ్డ నొక్కిపట్టి గోడకు చేరబడింది. వృషాలి ఎడమచేత్తో తలుపు బాదుతూనే ఉంది. ముసలివాడి ఛాతీ ఎత్తుగా లేచేదల్లా క్రమంగా చొక్కా గుండీ కదిలేంత మాత్రమే లేస్తోంది. గురక పలచబడింది. తర్వాత ఆగింది. చాలాసేపటికి మళ్ళీ ఒకటి వచ్చింది.

ఆ సందును సర్జేరావ్ కూడా విన్నాడు.

"ఆబా."

జవాబు లేదు.

"ఆబా! ఓ ఆబా!" భుజాలు పట్టి కుదిపాడు. తల పక్కకు వాలింది. పిరాజీ మీటరు మళ్ళీ చూశాడు. తొంభై ఎనిమిది. వేలు మార్చి చూశాడు. తొంభై ఎనిమిదే. వేలినుంచి మీటరు ఊడదీసి వెనక్కి జరిగాడు.

మంచం జరిపిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. లోపలున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు.

"మేడమ్," అన్నాడు సర్జేరావ్. పక్కకు తొలగి దారి ఇచ్చాడు.

వృషాలి లోపలికి పరిగెత్తి ముందు ఆక్సిజన్ బిళ్ళను కిందికి తిప్పింది. ముసలివాడి రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దింది. కనుబొమ్మ ఒక్కటే ముడిపడింది. అంతవరకే. అప్పుడే ఫోను మోగింది. జిల్లా ఆసుపత్రి నుంచి పెద్ద డాక్టరు ఇనామ్‌దార్ సర్. ఎవరో అప్పటికే చెప్పినట్టున్నారు.

"మగదుమ్, ట్యూబ్ వేసెయ్. అంబులెన్సులో ఇటు తోసెయ్."

"సర్, గంటసేపు మాస్కుతో చూస్తే తేరుకునే అవకాశం ఉంది. ట్యూబ్ వేస్తే ఈయన దిగడు. వద్దని నోటితో చెప్పాడు కూడా."

"చెప్తాడు. ట్యూబ్ మీద పోతే అంతా చేశారంటారు. మాస్కు మీద పోతే ఆ జనం నిన్ను అక్కడే తగలబెడతారు. నీ మేలు కోరి చెబుతున్నా."

ఆయన నిజంగానే మేలు కోరి చెప్పాడు. వృషాలి ఫోను బల్ల మీద పెట్టింది. బయట ఆవరణలో జనం పెరుగుతున్నారు. గొట్టం వెయ్యాలంటే ఎడమచేత్తో దారి తెరిచి, కుడిచేత్తో గొట్టం జార్చాలి. నొప్పి ఓర్చుకుంటే వెయ్యగలదు. వేశాక ఆమె పని అయిపోతుంది. బండి వెళ్ళిపోతుంది, జనం దాని వెనకే పోతారు. తలుపు వేసుకుని కూర్చుని ఏడవచ్చు.

'తిట్టడానికైనా నోరుండాలి.'

"సిస్టర్, గొట్టం సామాను తెరిచి పక్కన పెట్టండి. కానీ ముందు మాస్కు. గంట. అప్పటికి పిలిస్తే కళ్ళు తెరవకపోతే గొట్టమే."

రత్నప్రభ నేల మీది మెషీనును ఎత్తి బల్ల మీద పెట్టింది. ఒక మూల పగిలింది గానీ మీట నొక్కగానే గుయ్యిమంది. పట్టీలు మాత్రం పీలికలు. ఇంకో జత లేదు. గాజుగుడ్డతో కట్టడానికి లేదు. మగతలో వాంతి అయితే రెప్పపాటులో మాస్కు తియ్యాలి, పైగా జారిపోతున్న దవడను ఎవరో ఒకరు పైకి ఎత్తిపట్టాలి. చేతులు కావాలి. వృషాలి మణికట్టు వంకాయలా వాచింది. రత్నప్రభ తల ఎత్తితే తూలిపోతోంది.

వృషాలి సర్జేరావ్ వంక చూసింది.

"ఇలా రా. తల దగ్గర నిలబడు. బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ మాస్కు మీద. మిగతా వేళ్ళు దవడ కింద. దవడను పైకి లాగు. ఇంకా. నువ్వు నా సిస్టర్ని కొట్టిన బలం ఉంది కదా, అది వాడు."

అతను తలవంచుకుని పట్టుకున్నాడు. గాలి అంచుల్లోంచి బుసకొట్టింది. మెషీను కీచుమని అరిచింది.

"ఎడమవైపు కారుతోంది. నొక్కు."

కీచు ఆగింది. ముసలివాడి ఛాతీ ఒక్కసారిగా లేచింది. పడింది. లేచింది.

 సర్జేరావ్ మోచేతుల మసి చెమటతో కరిగి దిండు మీద నల్లటి చుక్కలుగా పడుతోంది. వార్డు మీటరు మీద ఎనభై తొమ్మిది. అతను ఆ అంకెను చూసి పళ్ళు బిగించాడు గానీ చెయ్యి కదపలేదు.

"అంకె బాగుంది కదా మేడమ్ ఇందాక. మరెందుకు ఇట్లా అయ్యాడు?"

"అంకె లోపలికెళ్ళే మంచి గాలిది. బయటికి రావలసిన చెడుగాలి లోపలే పేరుకుంది. దానికి మీటరు లేదు మీ పిరాజీ దగ్గర. అది ఎక్కువైతే మనిషి నిద్రపోతున్నట్టే పోతాడు."

అతను తండ్రి ఛాతీ లేచి పడటం చూశాడు. "చిమ్నీ మూసుకుపోయినట్టా?"

"ఆఁ."

"చిమ్నీ మూసుకుపోయినప్పుడు పొయ్యికి ఇంకా ఊదామా?"

"ఆఁ. నిన్న నీకు నిలబడి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అంతమాత్రాన నువ్వు చేసింది ఒప్పు కాదు."

అంతలో కిటికీ అద్దం పగిలి రాయి ఒకటి మంచం కిందికి దొర్లింది. పిరాజీ తలుపు తోసుకుని మళ్ళీ వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు. "జిల్లా డాక్టరు గొట్టం వెయ్యమన్నాడంట! ఈమె ఎందుకు వెయ్యదు? పగబట్టి చంపుతోందిరా! వదులు సర్జా, తీసెయ్ దాన్ని!" అంటూ మాస్కు మీద చెయ్యి వేశాడు.

సర్జేరావ్ రెండు చేతులూ తండ్రి ముఖం మీదే ఉన్నాయి. అతను కాలెత్తి పిరాజీ పొట్టలో తన్నాడు. పిరాజీ వెనకాలున్న ఇద్దరినీ తీసుకుని గుమ్మంలో పడ్డాడు. మెడలోని మీటరు తెగి మంచాల కిందికి పోయింది.

"ఇంకొక్కడు ముట్టుకుంటే బట్టీలో పెట్టి కాలుస్తా! పొండి బయటికి!"

"నీ కోసమే కదరా వచ్చాం," అన్నాడు పిరాజీ నేల మీదనుంచి, బిత్తరపోయి.

"వచ్చింది చాలు. పో కాకా."

రత్నప్రభ పక్కకు తిరిగింది. నవ్విందో, నొప్పికి మూతి వంకర పెట్టిందో తెలియలేదు.

హవల్దార్ నైకవడే జీపు దిగి లోపలికి వచ్చేసరికి ఆవరణ సగం ఖాళీ అయింది. చెవిలో దూదితో రత్నప్రభను, మెడకు వేలాడేసుకున్న చేతితో వృషాలిని చూశాడు. లాఠీ తిప్పాడు. "ఎవడు మేడమ్?"

"ఇతనే. ఫిర్యాదు రాసిస్తాం. కానీ ఇప్పుడు తీసుకెళ్ళడానికి వీల్లేదు."

"ఎందుకు వీల్లేదు? రెక్క పట్టుకుంటే వస్తాడు."

"ఆ రెక్కలు నాకు కావాలి. అతను చెయ్యి తీస్తే ఈయన పోతాడు."

నైకవడే ఇంతకు ముందు ఇలాంటి కారణం వినలేదు. సర్జేరావ్ వణుకుతున్న భుజాల్ని, దవడ కింద తెల్లబడ్డ వేళ్ళనీ కాసేపు చూశాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక, ఎవరూ అడగకుండానే, సర్జేరావ్ కళ్ళలోకి కారుతున్న చెమటను తన చేతిరుమాలుతో తుడిచాడు.

గంట అయింది. వృషాలి ముసలివాడి చెవి దగ్గర వంగింది. "ఆబా! ధోండీబా!"

ఏమీ లేదు. పక్కన గొట్టం సామాను తెరిచి ఉంది. ఇనామ్‌దార్ సర్ మాట చెవిలో ఉంది. ఆమె ముసలివాడి మెడ మీద వేళ్ళు పెట్టింది. చెమట తగ్గింది. నాడి ఇందాకటిలా ఉరకడం లేదు. రొమ్ము మీద రుద్దడానికి పిడికిలి బిగించింది.

"నువ్వు పిలువు," అంది సర్జేరావ్‌తో.

అతను తండ్రి ముఖం మీదికి వంగాడు.  బట్టీ దగ్గర అరిచే అరుపు అరిచాడు. "ఆబా! పొయ్యి ఆరిపోతోంది!"

ముసలివాడి కళ్ళు తెరుచుకున్నాయి. తన ముఖం మీద రెండు మసి చేతులు, వాటి మీద కొడుకు ముఖం చూశాడు. కుడిచెయ్యి మెల్లగా పైకి లేపి, ఉన్న సత్తువంతా పెట్టి కొడుకు చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు ఈగ కూడా లేచి ఉండదు. సర్జేరావ్ చెయ్యి తియ్యకుండానే వెక్కి వెక్కి ఏడ్చాడు. వృషాలి ఎడమచేత్తో గొట్టం సామాను మీద గుడ్డ కప్పింది.

ఆ రాత్రంతా అతను పట్టుకుంటూ, చేతులు తిమ్మిరెక్కితే నైకవడే పట్టుకుంటూ గడిపారు. తెల్లారేసరికి ముసలివాడు మాస్కు పక్కకు నెట్టి టీ అడిగాడు. మొదటి గుటక తాగి, చక్కెర తక్కువైందని రత్నప్రభను తిట్టాడు. టీ అయ్యాక ఆమె పట్టీల పీలికల్ని ముడివేసి మాస్కు మళ్ళీ తగిలించింది.

పొద్దున్నే పిరాజీ చేతులు జోడించుకుని వచ్చాడు. వృషాలి ముందు వంగాడు. "మేడమ్, నిన్నంతా అయిపోయింది. వాడి చేతుల మీదే వాళ్ళబ్బ బతికాడు, ఊరంతా చెప్పుకుంటోంది. కేసు వెనక్కి తీసుకోండి. మీది పెద్ద మనసు. ఇనామ్‌దార్ సాహెబుకు కూడా ఫోను చేశాం, మీ ఇష్టమన్నారు."

"ఆమెను అడిగారా?"

పిరాజీ అటు చూశాడు. రత్నప్రభ అవతలి మంచం దగ్గర సెలైన్ మారుస్తోంది. పిలిస్తే పలకలేదు. వినిపించే చెవి అటువైపు ఉంది. పిరాజీ మళ్ళీ వృషాలి వంకే తిరిగాడు. "సిస్టర్‌కేముంది మేడమ్. మీరు ఊఁ అంటే ఆమె కూడా ఊఁ అంటుంది."

"దెబ్బ తిన్న చెవి ఆమెది. ఆమెను అడగండి."

పిరాజీ అడగలేదు. సర్జేరావ్ లేచాడు. చుట్టూ తిరిగి, ఆమెకు బాగా వినిపించే చెవివైపు వెళ్ళి నిలబడ్డాడు. "తాయీ, అక్కా," అన్నాడు. 

రత్నప్రభ సెలైన్ చుక్కలు సరిచూసి అప్పుడు తల తిప్పింది. "డాక్టరమ్మ నిన్న చూసింది. చెవి లోపలి పొర చిరిగిందంట. ఈ చెవికి ఇక సరిగ్గా వినపడుతుందో లేదో చెప్పలేనంది. కేసు ఉంటుంది సర్జేరావ్. నువ్వు వెళ్ళాల్సిందే."

"ఊఁ."

"టీ తాగి వెళ్ళు. నిన్నట్నుంచి ఏమీ తినలేదు. హవల్దార్ కూడా తినలేదు."

ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని పావ్ రొట్టె ముంచుకుని టీ తాగారు. తర్వాత నైకవడే లేచి జేబులోంచి తాడు తీశాడు. సర్జేరావ్ రెండు చేతులూ చాచాడు. వేళ్ళు ఇంకా మాస్కు పట్టుకున్నట్టే వంకరగా ఉన్నాయి, చాచుకోవడం లేదు.

మంచం మీద ముసలివాడు లేవబోయాడు. మాస్కు లోంచి ఏమిటో అరిచాడు.

"తాడు లోపల పెట్టండి సాహెబ్," అంది రత్నప్రభ. "ఈ వార్డులో కట్టింది చాలు. అతను వస్తాడు."

నైకవడే తాడును ఒకసారి చూసుకుని జేబులో కుక్కాడు. ఇద్దరూ ముందూ వెనకా నడిచి వెళ్ళారు. జీపు గేటు దాటేదాకా ముసలివాడు మెడ నిక్కించి చూస్తూనే ఉన్నాడు. ఆ కదలికకు మాస్కు పక్కకు జారింది. మెషీను కీచుమని అరిచింది.

రత్నప్రభ చెయ్యి అలవాటుగా సొరుగులోకి వెళ్ళి గాజుగుడ్డ చుట్ట తీసింది. మంచం దగ్గరికి వచ్చేసరికి ముసలివాడు తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ ఎత్తాడు. బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ మాస్కు మీద, మిగతావి దవడ కింద. కొడుకు పట్టుకున్నట్టే పట్టుకుని నొక్కాడు.

కీచు ఆగింది. రత్నప్రభ ఆ చుట్టను మళ్ళీ సొరుగులో పెట్టి, సొరుగు మూసింది.